నాలుగు చోట్ల ఉన్నా ఒకటే మాట కావచ్చు

మా మేనకోడలు డిగ్రీ ప్రాజెక్టు కోసం కందుకూరు గురించి రాస్తోంది. నెట్‌లో నాలుగు వ్యాసాలు చూసి, నాలుగింటిలోనూ ప్రకాశం జిల్లా అనే ఉంది కాబట్టి ఖాయమనుకుంది. నేను పక్కన కూర్చుని చూశాను. నాలుగింటిలోనూ అదే వాక్యం, ‘తాలూకా’ బదులు ‘తాలుకా’ అన్న అదే అచ్చుతప్పుతో సహా! అంటే ఆధారాలు నాలుగు కాదమ్మా, ఒక్కటే.

అందుకే అనుమానం వస్తే ఆ వాక్యాన్ని కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఎక్కడెక్కడ అచ్చంగా అలాగే ఉందో బయటపడుతుంది. తర్వాత రాసిన తేదీ చూడండి. మన వైపు ఇది మరీ ముఖ్యం: కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్ళింది (దానికి ప్రకాశం పేరు 1972లో పెట్టారు), 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరులో కలిసింది, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకి వచ్చింది. ఏ ఏడాది రాశారో తెలియకపోతే నిజం కూడా తప్పుదారి పట్టిస్తుంది.

జిల్లా మార్పుల్లాంటి వాటికి వ్యాసాల మీద ఆధారపడకుండా నేరుగా ప్రభుత్వ గెజిట్ తెరవండి. చదవడానికి విసుగే, కానీ తేదీ, మండలాల పేర్లు అందులోనే ఉంటాయి.