టీవీలో ఆర్కెస్ట్రా: మెల్లని స్వరాలు మెల్లగానే వినబడాలంటే

ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1928లో రాసిన ఆర్కెస్ట్రా రచన 'బొలేరో' మొదట్లో స్నేర్ డ్రమ్ (చిన్న డ్రమ్) వినీ వినబడనట్టు మోగాలి, చివర్లో హోరెత్తాలి. మా టీవీలో రెండూ దాదాపు ఒకే స్థాయిలో వచ్చేవి. కారణం సౌండ్ సెట్టింగ్స్‌లోని ఆటో వాల్యూమ్, అది మెల్లని శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని తగ్గిస్తుంది. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ చేసేదీ అదే పని. రెండూ ఆపేశాక ఆ ఎత్తుపల్లాలు తిరిగొచ్చాయి, ఎంత హాయో! మాటల్ని పెంచే మోడ్ కూడా తీసేయండి, అందులో డబుల్ బేస్‌లు (మంద్రంగా పలికే పెద్ద తీగ వాద్యాలు) పలచబడతాయి.

బొమ్మ కంటే శబ్దం వెనకబడితే ముందు బ్లూటూత్‌ను అనుమానించండి. 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం మామూలే. చాలా టీవీల్లో ఆడియో డిలే సెట్టింగ్ శబ్దాన్ని ఇంకా వెనక్కే నెడుతుంది, ముందుకు తేదు. మాకు టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ వైరుతో సరిపోయింది. సరిచూసేటప్పుడు కండక్టర్ చేతి కర్రను నమ్మొద్దు. చాలా ఆర్కెస్ట్రాలు ఆ కర్ర చూపే తాళం దెబ్బకు కాస్త తర్వాతే పలుకుతాయి. టింపనీ అనే పెద్ద డ్రమ్ మీద కర్ర పడే క్షణాన్ని చూడండి.