బ్రహ్మోత్సవాలకు ముందు డేటాబేస్ సర్వర్ల సెట్టింగుల ఫైళ్లు: కొన్ని జాగ్రత్తలు

తిరుపతిలో లాడ్జి గదుల బుకింగ్ నడిపేవారికి బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, అందులోనూ ఐదో రోజు గరుడసేవ, సర్వరుకు ఊపిరాడని కాలం. అది గడిచిందో లేదో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. 2021 నవంబరులో ఇక్కడి వీధులు మునిగిన తర్వాత మేము స్టాండ్‌బై సర్వరును (తిరుపతిలోని ప్రధాన సర్వరు ఆగితే ఆదుకునేలా దాని డేటా నకలుతో సిద్ధంగా ఉండేది) చిత్తూరుకు మార్చుకున్నాము. తిరుపతి యంత్రంలో 32 జీబీ మెమరీ ఉండగా చిత్తూరు యంత్రంలో 8 జీబీయే ఉన్నందున రెండింటికీ ఒకే ఫైలును కాపీ చేయకూడదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇంక్లూడ్ డైరెక్టరీ సౌకర్యం (ఒక ఫోల్డరులోని సెట్టింగుల ఫైళ్లన్నిటినీ చదవడం) ఇందుకు చక్కగా పనికివస్తుంది. రెండు సర్వర్లకూ ఉమ్మడివైన సెట్టింగులను 00తోను, మెమరీకి సంబంధించినవాటిని 01తోను, ఆ యంత్రానికే చెందినవాటిని 02తోను మొదలయ్యే ఫైళ్లలో ఉంచాలి. సర్వరు ఈ ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది కనుక ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే చివరిదే చెల్లుతుంది. మా కుర్రవాడొకడు పాత ప్రతిని భద్రపరచాలని '02హోస్ట్.కాన్ఫ్' పక్కనే '02హోస్ట్_ఓల్డ్.కాన్ఫ్' అని ఉంచాడు. వరుసలో చుక్క కంటే అండర్‌స్కోర్ వెనుక వస్తుంది కాబట్టి పాత విలువలే రాజ్యమేలాయి, కారణం తెలియడానికి మాకు సగం రోజు పట్టింది. పాత ప్రతి పేరు '.కాన్ఫ్'తో ముగియకుండా చూసుకుంటే చాలు, సర్వరు దాని జోలికి పోదు.

షేర్డ్ బఫర్స్‌ను (డేటాను అందుబాటులో ఉంచుకోవడానికి డేటాబేస్ కేటాయించుకునే మెమరీని) యంత్రం మెమరీలో సుమారు 25 శాతంతో మొదలుపెట్టడం వాడుక. తిరుపతిలోని 8 జీబీ విలువ చిత్తూరుకు వెళ్తే ఆ యంత్రం మెమరీ మొత్తాన్నీ అడిగినట్టే. మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి అనుమతించే కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య) సంగతి దీనికి భిన్నం: యంత్రం చిన్నదైనా స్టాండ్‌బైలో ఆ విలువ ప్రధాన సర్వరు విలువ కంటే తగ్గకూడదు. రద్దీ కోసం పెంచేటప్పుడు ముందు స్టాండ్‌బైలో పెంచి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే ప్రధాన సర్వరును ముట్టుకోవాలి. తగ్గించేటప్పుడు ఈ క్రమం తిరగబడుతుంది: ముందు ప్రధాన సర్వరు, తర్వాత స్టాండ్‌బై.

ఆల్టర్ సిస్టమ్ ఆదేశంతో (ఫైలు తెరవకుండా డేటాబేస్ లోపలి నుంచే సెట్టింగు మార్చేది) ఎవరైనా అర్ధరాత్రి హడావుడిలో చేసిన మార్పు డేటా డైరెక్టరీలోని ఆటో.కాన్ఫ్ ఫైలులో చేరుతుంది. దానిని అన్నిటికంటే చివర చదువుతుంది కనుక మనం శ్రద్ధగా పేర్చుకున్న ఫైళ్లన్నిటినీ అది కాదనగలదు. పైగా బేస్ బ్యాకప్‌తో (డేటా డైరెక్టరీ మొత్తానికి తీసే నకలుతో) స్టాండ్‌బైకి కూడా వెళ్తుంది. రీలోడ్‌కు (సర్వరును ఆపకుండా సెట్టింగులను మళ్లీ చదివించడానికి) ముందు పీజీ ఫైల్ సెట్టింగ్స్ వ్యూలో, అంటే డేటాబేస్ చూపే పట్టికలో, ప్రతి విలువ ఏ ఫైలు నుంచి, ఎన్నో లైను నుంచి వచ్చిందో, ఎర్రర్ ఏమైనా ఉందో చూడాలి; రీలోడ్ తర్వాత పీజీ సెట్టింగ్స్‌లో పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ (రీస్టార్ట్ చేస్తేనే అమలయ్యే మార్పులను చూపేది) చూడాలి.

ధ్వజారోహణానికి కనీసం వారం ముందు రెండు సర్వర్లనూ ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత ఉత్సవాలు ముగిసేవరకు ఈ ఫైళ్ల జోలికి ఎవరూ వెళ్లకుండా కట్టడి చేయాలి.