డూమ్స్‌డే లెక్కల్లో ఎడ్రిక్ తిరుగుబాటును వెతకడం ఎలా

1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లకు 1067 నుంచి 1070 దాకా వేల్స్ సరిహద్దులో తలవంచని ఇంగ్లీషు భూస్వామి ఎడ్రిక్ గురించి ఆనాటి చరిత్రకారులు రాసింది కొద్ది వాక్యాలే. ఆ పోరు ఏ ఊళ్లను తాకిందో తేల్చాలంటే 1086 నాటి డూమ్స్‌డే సర్వేను, అంటే నార్మన్ రాజు విలియం చేయించిన భూముల లెక్కను, ఊరూరా చదవాలి. అందులో చాలా ఊళ్ల పక్కన ‘వాస్టా’ అనే లాటిన్ మాట ఉంటుంది. బీడు, అంటే ఆదాయం లేని భూమి అని అర్థం. ఆ మాట కనిపించిన ప్రతి ఊరినీ తిరుగుబాటు ఖాతాలో వేసేయడం అందరూ చేసే పొరపాటు. ముందు కాలక్రమం, తర్వాత పట్టిక, ఆ తర్వాతే మ్యాపు.

కాలక్రమానికి మూడు ఆధారాలు సరిపోతాయి. ఏడాదివారీగా రాసిన ఇంగ్లీషు చరిత్ర ఆంగ్లో-సాక్సన్ క్రానికల్‌కు ఉన్న ప్రతుల్లో ‘డి’ అనే దానిలో 1067 కింద, ఎడ్రిక్ వేల్స్ వాళ్లతో కలిసి హెర్‌ఫర్డ్ కోట దళంతో పోరాడి గట్టి దెబ్బ తీశాడని ఉంది. అదే పద్దులో 1068లో జరిగిన ఎక్సెటర్ ముట్టడి కూడా ఉంది కాబట్టి, పద్దు పైన ఉన్న సంవత్సరాన్ని చూసి తేదీ వేయకండి. తేదీ 12వ శతాబ్దపు సన్యాసి చరిత్రకారుడు జాన్ ఆఫ్ వూస్టర్ దగ్గర దొరుకుతుంది: 1067 ఆగస్టు 15 ప్రాంతంలో ఎడ్రిక్, వేల్స్ రాజులు బ్లెదిన్, రివాలన్‌లతో కలిసి హెర్‌ఫర్డ్‌షైర్‌ను లగ్ నది వంతెన వరకు నాశనం చేశాడు. ఏ వంతెనో పేరు చెప్పలేదు. అందుకే మ్యాపులో చుక్క పెట్టకుండా నది గీతనే హద్దుగా తీసుకోండి. 1069లో ష్రూస్‌బరీ కోట ముట్టడినీ, పట్టణం తగలబడటాన్నీ ఆర్డెరిక్ విటాలిస్ చెబుతాడు. ఆయన పుట్టింది ష్రూస్‌బరీ దగ్గరే అయినా, 1075లో పుట్టి, నార్మండీ మఠంలో కూర్చుని, దశాబ్దాల తర్వాత రాశాడు. 1070లో ఎడ్రిక్ రాజుతో రాజీపడ్డాడు. 1072లో రాజు వెంట స్కాట్లండ్ దండయాత్రకు కూడా వెళ్లాడు.

ఇప్పుడు పట్టిక. ఓపెన్ డూమ్స్‌డే వెబ్‌సైట్‌లో హెర్‌ఫర్డ్‌షైర్, ష్రాప్‌షైర్ ఊళ్లు తెరిచి ఒక్కో ఊరికి ఒక్కో వరుస రాయండి: ఊరు, హండ్రెడ్ (కౌంటీలో ఒక ఉపవిభాగం), 1066లో భూమి ఎవరిది, 1086లో ఎవరిది, హైడ్లు, నాగళ్లు, ఆపైన మూడు విలువలు. ఈ మూడే కీలకం. ‘టి.ఆర్.ఇ.’ అంటే ఎడ్వర్డ్ రాజు కాలం, ఆచరణలో 1066 జనవరి. రెండోది కొత్త యజమాని చేతికి వచ్చినప్పటి విలువ. మూడోది 1086 విలువ. హైడ్ పన్ను లెక్క, విస్తీర్ణం కాదు. దాన్ని ఎకరాల్లోకి మార్చితే నష్టం అంచనా మొత్తం తప్పిపోతుంది. నాగలి అంటే ఎనిమిది ఎడ్ల జట్టు. ఊరు కోలుకుందా లేదా అన్నది హైడ్ల కంటే నాగళ్ల సంఖ్యే బాగా చెబుతుంది.

పట్టిక నిండాక వడకట్టండి. ఎడ్వర్డ్ కాలంలోనే బీడు అని ఉన్న ఊళ్లను ముందే తీసేయండి. వాటి వెనుక వేల్స్ రాజు గ్రిఫిత్ ఆప్ లువెలిన్ దాడులు ఉండొచ్చు, 1055లో హెర్‌ఫర్డ్‌ను తగలబెట్టింది అతనే. 1066లో విలువ ఉండి, చేతికి వచ్చేసరికి బీడుగా మారి, 1086కి కొంత కోలుకున్న ఊళ్లే బలమైన సాక్ష్యం. ష్రాప్‌షైర్ లెక్కల్లో ‘బీడుగా దొరికింది’ అన్న మాట చూడండి. నార్మన్ ప్రభువు రోజర్ ఆఫ్ మాంట్‌గమరీకి ఆ కౌంటీ 1070ల తొలినాళ్లలో వచ్చింది కాబట్టి ఆ మాట తిరుగుబాటు ముగిసిన వెంటనే ఉన్న స్థితిని చూపిస్తుంది. హెర్‌ఫర్డ్‌షైర్‌లో పని అంత తేలిక కాదు. అక్కడి నార్మన్ ప్రభువు, ఎర్ల్ విలియం ఫిట్జ్ ఆస్బర్న్ 1071లో చనిపోయాడు, కొడుకు రోజర్ 1075 తిరుగుబాటుతో భూములు పోగొట్టుకున్నాడు. అక్కడి రెండో విలువ ఏ ఏడాదిదో యజమానిని బట్టి మారుతుంది, కాబట్టి ఆ గడిలో యజమాని పేరు తప్పక రాయండి.

ఊరు బీడైందని తేలినా, ఎవరి చేతిలో బీడైందన్నది వేరే ప్రశ్న. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు పని మొదలయ్యేది ఇక్కడే. హెర్‌ఫర్డ్ కోట దళం, ఆ ప్రాంతపు నార్మన్ భూస్వామి రిచర్డ్ ఫిట్జ్ స్క్రోబ్ మనుషులు ఎడ్రిక్ భూముల మీద పదేపదే పడ్డారని జాన్ రాశాడు. ఎడ్రిక్ సొంత ఊరు బీడైతే అది ముందుగా నార్మన్ల పనేనని అనుమానించాలి. 1069–70 చలికాలంలో రాజు సైన్యం చెస్టర్ మీదికి నడిచింది. ష్రాప్‌షైర్ ఉత్తర భాగం, చెషైర్, స్టాఫర్డ్‌షైర్ బీళ్లకు ఆ సైన్యం కారణం కాదని రుజువయ్యే వరకు వాటిని ఎడ్రిక్ లెక్కలో కలపకండి. లగ్ నదికి పడమర ఉన్న ఊళ్లు వేరు. అక్కడ 1067 దాడికే ఎక్కువ అవకాశం.

ష్రూస్‌బరీ పట్టణం లెక్క నేర్చుకునేవాళ్లకు మంచి అభ్యాసం. ఎడ్వర్డ్ కాలంలో 252 ఇళ్లు. 1086కి 51 ఇళ్ల స్థలం కోట కిందికి పోయింది, మరో 50 బీడు, 43 ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్నాయి. అయినా పాత పన్నే కట్టాల్సి వస్తోందని అక్కడి ఇంగ్లీషు పౌరులు మొర పెట్టుకున్నారు. ఆ 50 ఇళ్లూ 1069 మంటల్లో పోయాయని రాయాలనిపిస్తుంది, కానీ డూమ్స్‌డే కారణం చెప్పదు. కోట కింద పోయిన 51 ఇళ్లను ఆ మంటల ఖాతాలో వేయడం మాత్రం నేరుగా తప్పు.

పేరు విషయంలోనూ జాగ్రత్త. ఎడ్రిక్ అప్పట్లో సాధారణమైన పేరు. 1066 గడిలో ‘ఎడ్రిక్’ కనిపించిన ప్రతిచోటా ఆయనే అనుకుంటే లేని పెద్ద ఎస్టేటు తయారవుతుంది. ఒకే ఇంగ్లీషు యజమాని భూములన్నీ ఒకే నార్మన్‌కు దక్కడం మామూలు కాబట్టి, 1086 యజమానిని పోల్చి చూడటం మంచి పరీక్షే. అయితే ష్రాప్‌షైర్ దాదాపు అంతా రోజర్ ఆఫ్ మాంట్‌గమరీకే వెళ్లింది, అక్కడ రోజర్ కింద భూమి పట్టినవాడి పేరుతో పోల్చాలి.

మ్యాపులో మూడు గుర్తులు వాడండి: విలువల వరుసతో పాటు చరిత్రకారుడి మాట కూడా సరిపోయిన ఊళ్లకు నిండు చుక్క, విలువలు మాత్రమే సరిపోతే ఖాళీ చుక్క, ‘వాస్టా’ తప్ప ఇంకేమీ లేకపోతే చిన్న గీత. ఎడ్రిక్‌కు అప్సరస లాంటి భార్య దొరికిందన్న కథ వాల్టర్ మ్యాప్ 12వ శతాబ్దం చివర్లో రాసింది, దానికి ఈ మ్యాపులో గుర్తు అక్కర్లేదు.