రంధ్రాల్లో హైడ్రోజన్ – ఐదవ పాఠం: గ్రాముల నుంచి లీటరుకు

చట్రం పట్టుకునే హైడ్రోజన్ భారశాతం ఎంతో కట్టమని గత పాఠంలో ఇచ్చిన లెక్కకు చాలామంది 7.6 శాతం అని జవాబు రాశారు. గ్రాము ఎంఓఎఫ్-5 చట్రం (జింకు–ఆక్సిజన్ గుచ్ఛాలను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన, సన్నని రంధ్రాలున్న స్ఫటికం) 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్), 40 బార్ (వాతావరణ పీడనానికి దాదాపు 40 రెట్లు) వద్ద 76 మిల్లీగ్రాముల హైడ్రోజన్‌ను అదనంగా పట్టుకుంటుందన్నాను. మీరు 76ను 1000తో భాగించారు. భారశాతం కట్టేటప్పుడు హారంలో చట్రంతో పాటు అది పట్టుకున్న హైడ్రోజన్ కూడా ఉండాలి. కాబట్టి 76ను 1076తో భాగించాలి, 7.1 వస్తుంది. 2007లో ప్రచురితమైన విలువ కూడా ఇదే.

ఇక రెండవ పొరపాటు, ఆ 76నే మొత్తం హైడ్రోజన్ అనుకోవడం. గోడల ఆకర్షణ లేకపోయినా ఆ పీడనం వద్ద రంధ్రంలో ఎలాగూ ఉండే వాయువును మినహాయించగా మిగిలేదే ‘అదనపు’ అధిశోషణం (అధిశోషణం అంటే వాయువు రంధ్రాల గోడలకు అంటుకోవడం). మొత్తం కావాలంటే మినహాయించినదాన్ని తిరిగి కలపాలి. ఆ స్థితిలో హైడ్రోజన్ సాంద్రత లీటరుకు సుమారు 13 గ్రాములు, గ్రాము చట్రంలో రంధ్రాల ఘనపరిమాణం 1.4 మిల్లీలీటర్లు అనుకుంటే, కలపవలసింది 18 మిల్లీగ్రాములు, మొత్తం 94. కొందరు 13ను, చట్రాన్ని నింపే తొట్టి ఘనపరిమాణంతో గుణించారు, అది వేరే లెక్క.

ఇప్పుడు నన్ను ఎప్పుడూ విసిగించే ఉచ్చు దగ్గరికి వద్దాం. ఎంఓఎఫ్-5 స్ఫటిక సాంద్రత లీటరుకు దాదాపు 600 గ్రాములు కనుక, 600ను 0.094తో గుణించి ‘లీటరుకు 56 గ్రాములు’ అని ఎందరో సంతోషంగా రాసేస్తారు. తొట్టి నిండా ఒకే స్ఫటికం ఉంటేనే ఆ మాట నిజం. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా అమ్మేవారి డబ్బాలో మరమరాలను గమనించండి: ప్రతి గింజ లోపలా గాలి ఉంటుంది, గింజకూ గింజకూ మధ్య కూడా ఉంటుంది, డబ్బాను ఎంత తట్టినా ఆ రెండవ గాలి పూర్తిగా పోదు. చిన్న స్ఫటికాల పొడిగా ఉండే ఎంఓఎఫ్-5 కూడా అంతే. లీటరు తొట్టిలో 200 గ్రాముల పొడే పట్టిందనుకుంటే, స్ఫటికాలు ఆక్రమించేది 333 మిల్లీలీటర్లు. మిగతా 667లో ఉండేది మామూలు వాయువు. చట్రంలో 18.8, సందుల్లో 8.7, మొత్తం 27.5 గ్రాములు. అంటే 56లో సగానికన్నా తక్కువ! గట్టిగా నొక్కి బిళ్ళలు చేస్తే సందులు తగ్గుతాయి కానీ, నొక్కుడు మితిమీరితే చట్రమే కూలి రంధ్రాలు పోతాయి.

నేనైతే ముందుగా ఖాళీ తొట్టి లెక్క వేస్తాను: ఇదే స్థితిలో లీటరుకు 13 గ్రాములు. ఏ చట్రమూ లేకుండా, మామూలు ఉష్ణోగ్రత వద్ద 700 బార్ సిలిండరులో లీటరుకు దాదాపు 40 గ్రాములు పడతాయన్నది కూడా పక్కన రాసుకుంటాను. ఈ రెండూ ఎదుట లేకుండా ఏ విలువనూ నమ్మను.

మన విశాఖ వంటి తేమ ఊళ్ళో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. నీటి ఆవిరి తగిలితే జింకు–ఆక్సిజన్ బంధాలు తెగి ఎంఓఎఫ్-5 క్రమంగా పాడవుతుంది. మూత తీసిపెట్టిన సీసాలోని పొడికి పై విలువలు వర్తించవు.

అభ్యాసం: 100 లీటర్ల తొట్టిలో 20 కిలోల పొడి ఉంది. ఉష్ణోగ్రతను 77 కెల్విన్ వద్దే ఉంచి, పీడనాన్ని 40 నుంచి 5 బార్‌కు దించారు. 5 బార్ వద్ద అదనపు అధిశోషణం గ్రాముకు 45 మిల్లీగ్రాములు, వాయు సాంద్రత లీటరుకు 1.6 గ్రాములు అనుకోండి. బయటికి వచ్చే హైడ్రోజన్ ఎంత? అదే తొట్టి ఖాళీగా ఉంటే ఎంత వచ్చేది? రెండింటి నిష్పత్తి కట్టి, ఆ తొట్టికి పొడి ఖర్చు పెట్టడం సమంజసమో కాదో పది వాక్యాల్లో వాదించండి.