బడి పిల్లలతో గాల్వెస్టన్ క్రూజ్: తక్కువ ఖర్చుతో ఎలా వెళ్లి రావాలి?

టెక్సాస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఓడ ప్రయాణం విషయంలో ఒక వెసులుబాటు ఉంది: రేవు కారులో వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ సుమారు 50 మైళ్లు, డాలస్ నుంచి సుమారు 290 మైళ్లు. నలుగురికి విమాన టికెట్లు కొనవలసిన అవసరం లేకపోవడంతోనే పొదుపు మొదలవుతుంది. అయినా ప్రకటనలో కనిపించిన ధర చూసి టికెట్లు కొన్న కుటుంబాలలో చాలామంది, తిరిగి వచ్చాక కార్డు బిల్లు చూసుకుని ఆశ్చర్యపోతుంటారు. ఓడ టికెట్టు ధర వేరు, ఓడ ప్రయాణానికి అయ్యే ఖర్చు వేరు. ఈ రెండింటి మధ్య తేడాను ఇంట్లో కూర్చుని ముందే లెక్క కట్టుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చూద్దాం.

మొదట తేదీలు, తరువాతే ఓడ

ఏ ఓడలో జారుడుబల్లలు ఎక్కువ ఉన్నాయో చూసుకుని ఆ తరువాత తేదీలు వెతకడం ఖర్చును పెంచే పద్ధతి. పిల్లల బడి క్యాలెండర్‌ను ముందు పెట్టుకోవాలి. మార్చిలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్, థ్యాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ సెలవులు, జూన్, జూలై నెలలు అందరికీ కావలసినవి కాబట్టి అప్పుడు ధరలు పైపైన ఉంటాయి. ఆగస్టు చివరి నుంచి డిసెంబరు మధ్య వరకు (థ్యాంక్స్‌గివింగ్ మినహా), మళ్లీ జనవరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు తగ్గుతాయి.

ఆ రోజుల్లో బడి ఉంటుంది కదా అనే ప్రశ్నకు సమాధానం సోమవారం సెలవుల్లో ఉంది. గాల్వెస్టన్ నుంచి బయలుదేరే 4 రాత్రుల ప్రయాణాల్లో చాలావరకు గురువారం మధ్యాహ్నం కదిలి సోమవారం ఉదయానికి తిరిగి చేరుకుంటాయి. జనవరి మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ దినం, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే, కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు అక్టోబరులో ఇచ్చే సోమవారం సెలవు వంటి వాటికి ఈ ప్రయాణాన్ని జత చేస్తే పిల్లలు గురువారం, శుక్రవారం మాత్రమే బడి మానవలసి వస్తుంది. అయితే టెక్సాస్‌లో ఒక తరగతికి క్రెడిట్ రావాలంటే కనీసం 90 శాతం రోజులు హాజరు ఉండాలి కాబట్టి, జ్వరాలకీ ఇండియా ప్రయాణాలకీ ఇప్పటికే ఎన్ని రోజులు పోయాయో చూసుకున్న తరువాతే ఈ నిర్ణయం తీసుకోవాలి.

చవక నెలలకు వాటి ఇబ్బందులు వాటికి ఉన్నాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం; తుపాను దారిలోకి వస్తే ఓడ వేరే రేవుకు వెళ్లవచ్చు, ఆ మార్పుకు టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వరు. చలికాలంలో గాల్వెస్టన్ కాలువను పొగమంచు కమ్మి ఓడలు గంటల తరబడి ఆలస్యం కావడమూ ఉంది. అందువల్ల తిరిగి వచ్చే రోజున ఆఫీసు మీటింగు గానీ పిల్లల పరీక్ష గానీ పెట్టుకోకపోవడం మంచిది.

గదిని ఎంచుకునేటప్పుడు

క్రూజ్ ధర ఒక గదిలో ఇద్దరు అనే లెక్కన చెబుతారు. అదే గదిలో పడుకునే మూడో, నాలుగో వ్యక్తికి ధర చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి, గోడల నుంచి కిందికి దించే పై పడకలున్న నలుగురి లోపలి గది అన్నిటికంటే చవక. కిటికీ లేదని బెంగ పెట్టుకోనక్కరలేదు, పిల్లలు ఆ గదిలో నిద్రపోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఇలాంటి గదులు ఓడలో పరిమితంగా ఉంటాయి కనుక అవి ముందే అమ్ముడుపోతాయి. చివరి నిమిషంలో ధర తగ్గుతుందని ఎదురుచూడడం దంపతులకు పనికివచ్చే ఉపాయమే తప్ప నలుగురి కుటుంబానికి పనికిరాదు.

గది నంబరు కంపెనీయే నిర్ణయించే గ్యారంటీ గదులకు ఇంకొంచెం తగ్గుతుంది. ఒకే గది తీసుకునేవారు దీన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. తాతయ్య, నానమ్మలతో కలిపి రెండు గదులు తీసుకునేవారు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు. వారి గది ఒక డెక్ మీద, మీది మరో డెక్ మీద పడితే మందులు అందించడానికే రోజంతా లిఫ్టుల్లో తిరగవలసి వస్తుంది. కడుపులో తిప్పే స్వభావమున్న పిల్లలకు ఓడ మధ్య భాగంలో, కింది డెక్ మీద ఉన్న గది మేలు.

మిగిలిన మొత్తం సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు చెల్లించాలి. ఆ గడువు వరకు వారానికి ఒకసారి ధర చూస్తూ ఉండండి. తగ్గితే, మీరు తీసుకున్న టికెట్టు నిబంధనలు అనుమతిస్తే, కొత్త ధరకు మార్చమని అడగవచ్చు.

అసలు లెక్క

ఉదాహరణకు 5 రాత్రులకు నలుగురి టికెట్లు, పన్నులు కలిపి 1,600 డాలర్లు అయ్యాయనుకుందాం. సిబ్బందికి ఇచ్చే టిప్పులు రోజుకు తలకు సుమారు 18 డాలర్లు అనుకుంటే, బడి పిల్లలకూ పెద్దలతో సమానంగానే వేస్తారు కనుక 360 డాలర్లు అవుతాయి. రేవు దగ్గర పార్కింగుకు 100, డాలస్ నుంచి రానుపోను పెట్రోలుకు 70, దారిలో ఓడ ఆగే మెక్సికో రేవుల్లో ఖర్చుకు 150 పెట్టుకుంటే మొత్తం 2,280. అంటే టికెట్టు మీద దాదాపు 700 డాలర్లు అదనం. ఇవేవీ తప్పించుకోగలిగినవి కావు, కాబట్టి మొదటి రోజే లెక్కలో ఉండాలి.

తప్పించుకోగలిగినవి వేరే ఉన్నాయి. డైనింగ్ హాలు, బఫే, ఈతకొలను, జారుడుబల్లలు, సాయంత్రం ప్రదర్శనలు, పిల్లల క్లబ్బు టికెట్టులోనే వస్తాయి. శీతల పానీయాలు, మద్యం, వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, ఫొటోలు, ఆర్కేడ్ ఆటలు రావు. వీటిలో ఇంటి బడ్జెట్టును గుట్టుగా తినేసేది ఆర్కేడ్. పిల్లల గది కార్డే అక్కడ డబ్బు కార్డులా పనిచేస్తుంది. ఒక్కో ఆటకు రెండు మూడు డాలర్లే కదా అని వారు గీకుతూ పోతారు, లెక్క చివరి రోజున మీ ఖాతాలో కనిపిస్తుంది. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి పిల్లల కార్డులకు పరిమితి పెట్టమని గానీ, ఖర్చును పూర్తిగా ఆపమని గానీ చెప్పండి.

కాగితాలు

మన కుటుంబాల్లో తల్లిదండ్రులకు ఒక పౌరసత్వం, పిల్లలకు మరొకటి ఉండడం మామూలే కనుక ఈ అంచెను తొందరపడి దాటకూడదు. ఒకే అమెరికా రేవులో మొదలై అక్కడే ముగిసే ప్రయాణంలో, 16 ఏళ్ల లోపు అమెరికా పౌరులైన పిల్లలకు జనన ధ్రువపత్రం సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు ఉండడమే మంచిది. మెక్సికోలో ఓడ తప్పిపోయినా, పిల్లవాడికి జబ్బుచేసి విమానంలో తిరిగి రావలసి వచ్చినా జనన ధ్రువపత్రం పనికిరాదు.

హెచ్-1బి, హెచ్-4 మీద ఉన్న భారతీయులకు, పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపింగ్ ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు. స్టాంపింగ్ గడువు దాటినవారు ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ (గడువు దాటిన స్టాంపింగ్‌తోనే అమెరికాకు తిరిగి రానిచ్చే నియమం) మాట విని ఉంటారు. హెచ్ వీసాదారులకు అది కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు ప్రయాణాలకే వర్తిస్తుంది; ఓడ దారిలో హోండురాస్‌లో ఆగితే ఇక వర్తించదు. పైగా ఎక్కేముందు కాగితాలు పరిశీలించేది ఓడ సిబ్బంది, వారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, స్టాంపింగ్ లేనివారు ఈ ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి నోటరీ చేసిన అంగీకార పత్రం దగ్గర ఉంచుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దలను తీసుకువెళ్తుంటే వారి విజిటర్ ఇన్సూరెన్సు ఓడ మీద జరిగే వైద్యానికి వర్తిస్తుందో లేదో కనుక్కోండి, ఎందుకంటే ఓడ డాక్టరు బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది.

తిండి, సామాను

శాకాహారులు భయపడవలసినంత లేదు. గాల్వెస్టన్ నుంచి నడిచే పెద్ద కంపెనీల డైనింగ్ హాళ్లలో రాత్రి భోజనానికి భారతీయ శాకాహార వంటకం సాధారణంగా దొరుకుతుంది. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో పిల్లలు ఎంత కారం తింటారో, ఉల్లి, గుడ్డు విషయంలో మీ నియమాలేమిటో చెబితే మరునాటి నుంచి దానికి తగ్గట్టు వండిస్తారు. ఇంటి నుంచి పులిహోర డబ్బా తీసుకువెళ్లడానికి ఒప్పుకోరు. సీలు విప్పని చిరుతిళ్ల ప్యాకెట్లు, పొడుల ప్యాకెట్లు అయితే ఫరవాలేదు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె స్కానింగులో పట్టుబడితే తీసేసుకుంటారు.

పెద్ద పెట్టెలు పోర్టర్‌కు అప్పగిస్తే గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఈత దుస్తులు, మందులు, పాస్‌పోర్టులు చేతి సంచిలో ఉంటే పిల్లలు మధ్యాహ్నమే కొలనులోకి దిగవచ్చు. జనవరిలో వెళ్లేవారు మాత్రం మొదటి, చివరి రోజుల్లో డెక్ మీద చలి వేస్తుందని గుర్తుంచుకుని స్వెటర్లు పెట్టుకోవాలి.

రేవుల్లో దిగినప్పుడు

ఓడలో అమ్మే విహార యాత్రలు నలుగురికి కలిపి చూస్తే టికెట్టులో నాలుగో వంతు దాకా అవుతాయి. వాటిని కొనకుండానే రోజు బాగా గడపవచ్చు. మెక్సికోలోని ప్రోగ్రెసోలో రేవు సముద్రంలోకి ఆరు కిలోమీటర్లకు పైగా పొడవు ఉంటుంది, అక్కడి నుంచి ఒడ్డుకు ఉచిత బస్సు నడుస్తుంది. బస్సు దిగిన చోటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే బీచ్ ఉంది. కొజుమెల్‌లో (ఇదీ మెక్సికో రేవే) టాక్సీ ఎక్కేముందే ధర అడిగి, అది తలకా, కారుకా అన్నది తేల్చుకోవాలి.

ఇక్కడ గడియారం ఒక చిక్కు తెస్తుంది. కొజుమెల్ సమయం వేసవిలో టెక్సాస్‌తో సమానం, చలికాలంలో ఒక గంట ముందు. ప్రోగ్రెసో చలికాలంలో టెక్సాస్‌తో సమానం, వేసవిలో ఒక గంట వెనుక. జూలైలో ప్రోగ్రెసో బీచ్‌లో మీ ఫోను 3 గంటలు చూపిస్తున్నప్పుడు టెక్సాస్ సమయం పాటించే ఓడలో 4 అయి ఉంటుంది. ఓడ ప్రకటించిన సమయానికి పెట్టుకున్న చేతి గడియారం ఒకటి పిల్లల్లో పెద్దవారికి కట్టి, ఆ బాధ్యత వారికే ఇవ్వండి. ఫోన్లను మాత్రం ఓడ కదిలే ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. సముద్రం మీది మొబైల్ నెట్‌వర్కు ఛార్జీలు మామూలు ప్లానులో రావు.

తిరిగి వచ్చే రోజు

పెట్టెలు మీరే మోసుకుని దిగగలిగితే పోర్టర్ల కోసం వేచి ఉండనక్కరలేదు, ఐదు గంటల డ్రైవ్ ఉన్నవారికి ఇది కలిసివస్తుంది. బఫేలో పిల్లలు జేబులో వేసుకున్న ఆపిల్, అరటిపండు లాంటివి దిగేముందు తీసివేయించండి, పండ్లతో కస్టమ్స్ దాటనివ్వరు. వీసా మీద ఉన్నవారు ఇంటికి చేరాక ఆన్‌లైన్‌లో ఐ-94 (దేశంలో ఎప్పటి వరకు ఉండవచ్చో చూపే ప్రవేశ పత్రం) తెరిచి కొత్త తేదీని సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే ఆ తేదీ వరకే బస అనుమతి ఇచ్చి ఉండవచ్చు, అప్పుడు పాస్‌పోర్టు రెన్యూవల్‌తో పాటు ఐ-94 పొడిగింపు విషయం కూడా వెంటనే ఆఫీసు లాయరుకు తెలియజేయాలి.