క్రూగర్ వెళ్తున్నారా? ఆ నల్ల పక్షుల లెక్క ఇలా రాయండి

మేం జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా క్రూగర్ నేషనల్ పార్కుకు తీసుకెళ్తాం. కారెక్కగానే అందరూ అడిగేది ఒకటే, సింహం కనిపిస్తుందా అని. కనిపిస్తే సంతోషమే. నేను మాత్రం వాళ్ల చేతికి బైనాక్యులర్స్, ఓ చిన్న నోట్‌బుక్ ఇచ్చి పక్షుల పని అప్పగిస్తాను.

ముందు చూడాల్సింది సదరన్ గ్రౌండ్ హార్న్‌బిల్. టర్కీ కోడంత ఉంటుంది, నేలమీద నడుస్తూ వేటాడుతుంది. ఒళ్లంతా నలుపు, ముఖమూ గొంతు సంచీ ఎరుపు. ఎగిరినప్పుడే రెక్కల చివర తెలుపు బయటపడుతుంది. దక్షిణాఫ్రికా మొత్తంలో 1,500 దాకా ఉంటాయని అంచనా, అందులో దాదాపు సగం క్రూగర్‌లోనూ దాన్ని ఆనుకున్న అడవుల్లోనూ ఉన్నాయి. గుంపులో ఒక్క జంటే గుడ్లు పెడుతుంది, మిగతావి పిల్లను సాకడానికి సాయపడతాయి. రెండు గుడ్లు పెట్టినా రెండో పిల్ల తిండి అందక కొద్ది రోజుల్లోనే పోతుంది. ఒక గుంపు నుంచి ఒక పిల్ల ఎదిగి బయటికి రావడానికి సగటున తొమ్మిదేళ్లు పడుతుందట. అందుకే "గుంపులో పిల్ల ఉందా?" అన్న ప్రశ్నకు అంత విలువ.

తెల్లవారగానే క్యాంపు గేటు తీసే వేళకు బయల్దేరండి. కాస్త దూరం పోయాక ఇంజన్ ఆపి వినండి. ఖాళీ డ్రమ్ము మీద ఎవరో గుప్పిటతో కొడుతున్నట్టు బొంగురు శబ్దం దూరం నుంచి వస్తుంది. సింహం అనుకుని పొరబడేవాళ్లు చాలామంది.

పక్షులు కనిపిస్తే కారు ఓ పక్కకు ఆపండి. దిగొద్దు. ఒకసారి లెక్కపెట్టి వదిలేయకుండా ఐదు నిమిషాలు ఆగండి, గడ్డిలో వెనకబడ్డవి మెల్లగా వస్తాయి. తర్వాత ఒక్కోదాని ముఖం చూడండి. మగదానికి గొంతంతా ఎరుపు. ఆడదానికి ఆ ఎరుపు మధ్యలో ఊదా నీలం మచ్చ ఉంటుంది. పిల్లకు ముఖం వెలిసిన పసుపులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. గుర్తుపట్టడానికి కాళ్లకు వేసిన రంగు రింగులుంటే ఏ కాలికి ఏ రంగు పైన, ఏది కింద అన్నది వరసగా రాయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. రెండేళ్ల కిందట సతారా క్యాంపు దగ్గర ఎస్-100 మట్టిరోడ్డు మీద ఒక గుంపు మా కారు పక్కనుంచే పోయింది. ఒకటి నా కిటికీ దగ్గర ఆగి తల పైకెత్తింది. ముక్కులో కప్ప ఇంకా కాళ్లు ఆడిస్తోంది. దాని కళ్లకు మనిషికున్నట్టే పొడవాటి రెప్పవెంట్రుకలు! ఆ రెప్పలు చూస్తూ ఉండిపోయి "ఐదు" అని మాత్రం రాసుకున్నాను. తర్వాత ఆ వివరం మబులా గ్రౌండ్ హార్న్‌బిల్ ప్రాజెక్టుకు పంపితే వాళ్లు అడిగిన మొదటి మాట, వాటిలో పిల్ల ఉందా అని. నా ఫొటోల్లో మూడే ఉన్నాయి. మిగతా రెండూ ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

మీరు రాసిన వివరాలూ ఆ ప్రాజెక్టుకే పంపొచ్చు. గూళ్లలో చచ్చిపోవాల్సిన రెండో పిల్లల్ని తెచ్చి పెంచేది వీళ్లే.

ఓపికుంటే మొత్తం పక్షుల జాబితా కూడా చేయండి. చూసిన పక్షుల్ని నమోదు చేసే బర్డ్‌లాసర్ అనే యాప్ ముందే ఫోన్‌లో వేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్‌తో పనిచేస్తుంది. ఏ పక్షి ఎక్కడుందో చూపే దక్షిణాఫ్రికా పక్షుల అట్లాస్‌కు ఈ జాబితా పనికొస్తుంది. 2007 నుంచి నడుస్తున్న ఆ అట్లాస్ కోసం దేశాన్ని సుమారు 9 కిలోమీటర్లకు 8 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టారు. ఒక గడిలో కనీసం రెండు గంటలు తిరిగి, చూసినవీ విన్నవీ అన్నీ కనబడ్డ వరసలో నమోదు చేయాలి. పిచ్చుకే కదా అని వదలకండి. పూర్తి జాబితా అయితేనే, అందులో లేని పక్షి నిజంగా తగ్గుతోందా అన్నది తేలుతుంది.

ఇక రాబందులు. ఇండియాలో పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టింది. ఇక్కడ వేటగాళ్లు కావాలనే కళేబరాల్లో విషం కలుపుతారు, పైన తిరిగే రాబందుల్ని చూసి రేంజర్లు వస్తారన్న భయంతో. పక్కనే ఉన్న బోట్స్‌వానాలో 2019లో ఒక్కచోటే 537 రాబందులు ఇలా చచ్చిపోయాయి. రెక్కకు నంబరు బిళ్ళ ఉన్న రాబందు కనిపిస్తే నంబరు, చోటు, టైము రాయండి. తూలుతున్నవో చచ్చి పడున్నవో కనిపిస్తే మాత్రం దగ్గరికి పోవద్దు, ఆ విషం మనుషులకూ ప్రమాదమే. చోటు గుర్తుపెట్టుకుని వెంటనే పార్కువాళ్లకు ఫోన్ చేయండి. వాళ్ల అత్యవసర నంబరు గేటు దగ్గరే అడిగి తీసుకోండి. త్వరగా చేరితే కొన్నిటిని బతికించగలుగుతారు, విషమెక్కిన కళేబరాన్నీ తొలగిస్తారు.

హార్న్‌బిల్ గూడు పెద్ద చెట్టు తొర్రలో ఉంటుంది. కనబడితే అక్కడ ఎక్కువసేపు ఆగకండి. ఫొటో ఎవరికైనా పంపేముందు అందులోని లొకేషన్ తీసేయండి. ఆ చోటు ప్రాజెక్టువాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పకండి, చుట్టాలకైనా సరే.