పాత పిన్‌బాల్ మెషీన్ వేలంలో కొనాలంటే: ఒక రీవైండింగ్ మేస్త్రి మాట

తిరుపతి కొర్లగుంటలో మా షాపు. ముప్ఫై ఏళ్లుగా బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు రీవైండింగ్ చేస్తున్నాను. వెనక గదిలో మాత్రం ఒక పిన్‌బాల్ మెషీన్ పెట్టుకున్నాను. వాలుగా ఉన్న పలక మీద ఇనుప బాల్ దొర్లించి పాయింట్లు తెచ్చుకునే ఆట పెట్టె అది. సాయంత్రం షట్టర్ సగం దించి స్విచ్ వేస్తే లోపల రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు, టకటకా కొట్టుకుంటాయి, స్కోరు చక్రాలు తిరిగి తిరిగి ఒక్కొక్కటే సున్నా దగ్గర ఆగుతాయి. ఆ చప్పుడు వినపడితే చాలు, వీధిలో పిల్లలు షట్టర్ కింద నుంచి దూరి వచ్చేస్తారు. "అన్నా, దీంట్లో కంప్యూటర్ యాడుంది?" అని ఒకడు అడిగాడు. ఆట పలక పైకెత్తి లోపల చూపించాను. కంప్యూటర్ లేదు. 1970ల నాటి మెషీన్ అది. బాల్ వచ్చి బంపర్‌కి, అంటే పలక మీదుండే గుండ్రటి దిమ్మెకి, తగిలితే పది పాయింట్లు కలపాలనే లెక్కంతా రిలేలు, కాంటాక్టులు, ఒక చిన్న మోటారు కలిసి చేస్తాయి. లెక్క జరుగుతుంటే కంటితో చూడొచ్చు. దీని మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

ఇప్పుడు చాలామంది వచ్చి అడుగుతున్నారు, ఇలాంటిది ఎలా కొనాలని. అందరికీ ముందుగా ఒకటే చెబుతాను. "ఆడుతోందా?" అని అడగొద్దు, "అన్నీ ఉన్నాయా?" అని చూడండి. ఆడని మెషీన్‌ని ఆడించొచ్చు. కాలిన కాయిల్ చుట్టడానికి మన ఊళ్లో ప్రతి వీధిలోనూ ఒక షాపుంది. పోయిన అద్దాన్ని, ఊడిపోయిన స్కోరు చక్రాన్ని మాత్రం ఏ షాపులోనూ చేసివ్వరు.

వేలానికి వెళ్లేముందు

మన వైపు వాళ్లకి వేలంపాట కొత్తేమీ కాదు. మదనపల్లె టమోటా మార్కెట్‌కి ఒక్క తెల్లవారుజామున వెళ్లి నిలబడితే అంతా అర్థమవుతుంది. పాట మొదలయ్యేలోపే కొనేవాడు కాయ నొక్కి చూసుకుని, తన రేటు మనసులో అనుకుని ఉంటాడు. పాట జరుగుతున్నప్పుడు ఆలోచించడు. పాత సామాన్ల వేలం కూడా ఇంతే. సామాను చూసుకోవడానికి ఒక రోజు ఇస్తారు. ఆ రోజు వెళ్లకుండా ఫోటో చూసి పాడకండి.

అనుకున్న రేటులో పాట ధర ఒక భాగమే. నేను చెన్నైలో 62,000కి పాడాను. దాని మీద వేలం వాళ్ల కమీషన్ 15 శాతం, పన్ను, లారీ బాడుగ అన్నీ కలిపి మెషీన్ షాపులో దిగేసరికి 91,000 దాటింది. కమీషన్ ఎంత, పన్ను దేని మీద వేస్తారు అనేది ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. చేతిలో ఉన్న డబ్బులోంచి అవన్నీ తీసేస్తే మిగిలేదే మీరు పాడగలిగిన ధర.

ఆ వేలం వాళ్ల జాబితాలో నా మెషీన్ ఎదురుగా "వర్కింగ్" అని రాసి ఉంది. ప్లగ్గు పెట్టగానే లైట్లన్నీ వెలిగాయి, నేను కూడా నమ్మాను. షాపుకి తెచ్చాక తెలిసింది, లైట్లు తప్ప ఏదీ కదలడం లేదని. ట్రాన్స్‌ఫార్మర్‌లో లైట్లకి 6 వోల్టుల చుట్టు వేరు, కాయిళ్లకి పాతిక వోల్టుల దాకా ఇచ్చే చుట్టు వేరు. ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తున్నట్టు కాదు. అడిగితే "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట" అనే షరతు చూపించారు. ఆ షరతు కింద సంతకం నాదే.

టార్చ్ లైట్ వేసి చూడాల్సినవి

వెళ్లేటప్పుడు టార్చ్, మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. మొదట నిలువుగా ఉండే బొమ్మల అద్దం చూడాలి. దాన్ని బ్యాక్‌గ్లాస్ అంటారు. బొమ్మ అద్దానికి వెనక వైపు ముద్రించి ఉంటుంది. దశాబ్దాల పాటు బల్బుల వేడి తగిలి రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోతుంది. అద్దం వెనక టార్చ్ పెడితే ఎక్కడ రంగు రాలిందో చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. కాస్త రాలినా ఫరవాలేదు. ముఖాలు, అక్షరాలు పోయి ఉంటే మాత్రం ధర బాగా తగ్గించుకోండి. కొన్నాక కూడా ఆ వెనక వైపు తడిగుడ్డ పెట్టకండి, బొమ్మ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది.

తర్వాత బాల్ దొర్లే చెక్క. ఫ్లిప్పర్ల దగ్గర, గుంతల అంచుల్లో రంగు పోయి చెక్క బయటపడిందా చూడండి. ఫ్లిప్పర్లు అంటే కింద బాల్‌ని కొట్టే రెండు రెక్కలు. కొన్ని పాత మెషీన్లకి అవి ఉండవు, ఎవరో పీకేశారని అనుకోకండి. ఫ్లిప్పర్లు మొదట వచ్చింది 1947లో, గాట్లీబ్ కంపెనీ 'హంప్టీ డంప్టీ' మెషీన్‌తో. అంతకుముందు బాల్ వదిలాక ఆడేవాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. న్యూయార్క్ నగరం 1942లో పిన్‌బాల్‌ని జూదం అని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఆడి, బాల్ ఎటు వెళ్తుందో ముందే చెప్పి అటే పంపించి చూపించాడు. అప్పుడు నిషేధం ఎత్తేశారు. మా షాపుకొచ్చే పిల్లలకి నేను ఎక్కువసార్లు చెప్పిన కథ ఇదే.

ఇక తాళం తీయించి, బాల్ బయటికి తీసి, ఆట పలక ఎత్తించి లోపల చూడండి. తాళం చెవి లేదంటే తెప్పించమని గట్టిగా అడగండి. తెరవకుండా కొనడం అంటే సంచి విప్పకుండా విత్తనాలు కొనడమే. లోపల కాలిన వాసనకి భయపడొద్దు. భయపడాల్సింది ఎలుకలకి, చెదలకి. ఎలుక కొరికిన తీగలు, దాని మూత్రం పడి పచ్చగా తుప్పు పట్టిన కాంటాక్టులు చాలా ఉంటే బాగుచేయడానికి నెలలు పడుతుంది. పెట్టె అడుగు చెక్కని స్క్రూడ్రైవర్‌తో నాలుగు మూలలా గుచ్చి చూడండి, మెత్తగా దిగితే చెద ఉన్నట్టే. రిలేలు, స్కోరు చక్రాలు, నాలుగు కాళ్లు లెక్కపెట్టండి. ఒకచోట నాలుగు రంధ్రాలు ఉండి మధ్యలో ఏమీ లేకపోతే అక్కడ ఏదో విప్పుకుపోయారన్నమాట. పెట్టె అడుగున కవరులో మడతపెట్టిన సర్క్యూట్ డయాగ్రమ్ దొరికితే, అది ఉన్నందుకు ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ పాడినా తప్పులేదు.

1970ల చివర్లో రిలేలు పోయి ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చాయి. అలాంటిదైతే బోర్డు మీద బ్యాటరీ చుట్టూ చూడండి. అది కారితే కింద రాగి గీతలన్నీ తినేస్తుంది. నా సలహా అడిగితే మొదటిసారి కొనేవాళ్లు రిలేల మెషీనే తీసుకోవాలి. తప్పు ఎక్కడుందో కళ్లకి కనిపిస్తుంది.

తెచ్చాక

లోడింగ్ దగ్గర టెన్షన్ పడకుండా నలుగురిని పిలవండి, వంద కిలోలు దాటుతుంది. పై పెట్టె విప్పి వేరుగా, దుప్పటి చుట్టి నిలబెట్టాలి. బాల్ లోపల వదిలేయొద్దు. నాది నగరి దాటేదాకా వానలోనే వచ్చింది, టార్పాలిన్ రెండు వరసలు కట్టించాను కాబట్టి చెక్క ఉబ్బలేదు.

స్విచ్ వేసేముందు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని వోల్టులో చదవండి. అమెరికా మెషీన్ 115 వోల్టులది అయితే మన 230 నేరుగా ఇస్తే క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. పాత వైరుకి రెండు పిన్నులే ఉంటాయి, దాన్ని తీసేసి మూడు పిన్నుల వైరు వేసి ఎర్త్ తప్పనిసరిగా ఇవ్వండి. పెట్టెలో చేతికి తగిలేవన్నీ ఇనుమే. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూడండి. నా మెషీన్‌లో ఒక ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి ఉంది. ఎడమ ఫ్లిప్పర్ కాయిల్ కాలిపోవడానికి సగం కారణం ఆ రేకు. మిగతా సగం ఒక చిన్న స్విచ్.

అదెలాగో చెబుతాను. ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. లావు తీగ చుట్టు రెక్కని గట్టిగా లాగుతుంది. రెక్క పైకి చేరగానే చివర్లో ఒక కాంటాక్టు తెరుచుకుని సన్న తీగ చుట్టుని కూడా దారిలోకి తెస్తుంది, కరెంటు తగ్గిపోతుంది, బటన్ నొక్కిపట్టుకున్నా కాయిల్ వేడెక్కదు. ఆ కాంటాక్టు అతుక్కుపోయి తెరుచుకోకపోతే లావు చుట్టులోనే పూర్తి కరెంటు పోతూ ఉంటుంది. నిమిషంలో వార్నిష్ కాలుతుంది. కాబట్టి కాయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు, ఆ కాంటాక్టు సరిచేయకపోతే కొత్తది కూడా కాలుతుంది.

కాలిన కాయిల్ కాగితం మీద 21-375, దాని పక్కన 28-400 అని ఉంది. మొదటిది గేజ్, అంటే తీగ మందం నంబరు. రెండోది టర్న్స్, అంటే తీగని ఎన్నిసార్లు చుట్టాలో. ఇది చూసి నాకు పని సులువనిపించింది. మన 21 గేజ్ తీగ తీసుకుని చుట్టడం మొదలుపెట్టాను. 375 పూర్తయ్యేసరికి బాబిన్, అంటే తీగ చుట్టే గొట్టం, అంచుదాకా నిండిపోయింది, రెండో చుట్టుకి చోటే లేదు. లెక్క తప్పానేమోనని విప్పి మళ్లీ చుట్టాను, మళ్లీ అంతే. అప్పుడు పాత తీగ ముక్కని నిప్పుతో కాల్చి, ఎనామిల్ గీకి, మైక్రోమీటర్ పెట్టి చూశాను. 0.72 మిల్లీమీటర్లు. మన 21 గేజ్ 0.81 ఉంటుంది. అమెరికా వాళ్ల గేజ్ వేరు, మన షాపుల్లో వాడే ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజ్ వేరు. వాళ్ల 21కి మన 22 దగ్గరగా వస్తుంది, వాళ్ల 28కి మన 30. అలా చుట్టితే రెండు చుట్లూ అంచుకి కాస్త లోపలే సరిపోయాయి. మీ కాయిల్‌ని రీవైండింగ్ షాపుకి ఇస్తే నంబరు చెప్పి ఊరుకోకండి, తీగ మందం మిల్లీమీటర్లలో కొలిపించండి.

కాయిల్ లోపల ఇనుప కడ్డీ కదిలే గొట్టానికి, మెట్లు మెట్లుగా తిరిగే చక్రాలకి నూనె వేయాలని చేతులు దురద పెడతాయి. వేయకండి. తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు. అది దుమ్ముని పట్టి జిగురవుతుంది, పైగా కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ లేస్తే అంటుకుంటుంది. స్పిరిట్‌తో తుడిచి పొడిగా వదిలేయడమే మేలు. రిలేల మెషీన్‌లో నల్లబడిన కాంటాక్టుని సన్న ఆకురాయితో రెండుసార్లు రుద్దితే చాలు. ఎలక్ట్రానిక్ మెషీన్‌లో స్విచ్ కాంటాక్టుల మీద బంగారు పూత ఉంటుంది, అక్కడ ఆకురాయి పెట్టొద్దు, మందపాటి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి లాగండి. బల్బులు మార్చేటప్పుడు 44 నంబరుకి బదులు 47 నంబరు వేయండి. తక్కువ కరెంటు తీసుకుంటుంది, బ్యాక్‌గ్లాస్‌కి వేడి తగ్గుతుంది.

చిన్నగా మొదలుపెట్టాలంటే

అంత డబ్బు, అంత చోటు లేనివాళ్లు వాచీలతో మొదలుపెట్టొచ్చు. శ్రీవారి హుండీలో భక్తులు వేసిన వాచీలని టీటీడీ లాట్లుగా ఈ-వేలం వేస్తుంది. ఒక్కొక్క వాచీ ఎంచుకునే వీలుండదు, లాట్ మొత్తం తీసుకోవాలి. కాబట్టి నలుగురు కలిసి పాడడం మంచిది. బయట విడిగా హెచ్ఎంటీ వాచీ కొంటే డయల్ చూడండి. కేసు అంతా గీతలు పడి, డయల్ మాత్రం ముదురు రంగులో తళతళలాడుతుంటే అది ఈ మధ్య రంగేసిన డయల్ అయ్యుండొచ్చు.

పాత కంచు విగ్రహం, రాతి శిల్పం ఎవరైనా చూపిస్తే మాత్రం చేయి పెట్టకండి. వందేళ్లు దాటిన వాటికి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ కాగితాలు అడగాలి. అవి లేకపోతే అది ఏ గుడిలోదో అనుకుని వెనక్కి వచ్చేయండి.

ఆఖరున లెవల్

మెషీన్ నిలబెట్టాక స్పిరిట్ లెవల్ అడ్డంగా పెట్టి ముందు సమం చేయండి. తర్వాత వెనక కాళ్ల బోల్టులు తిప్పి కాస్త ఎత్తండి. పాత రిలేల మెషీన్‌కి మూడున్నర డిగ్రీల వాలు సరిపోతుంది. లోపల ఎడమ వైపు, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిది ఒక రింగు మధ్యలో వేలాడుతుంటుంది. మెషీన్‌ని గట్టిగా కుదిపితే అది రింగుకి తగిలి ఆట ఆగిపోతుంది. గుండు పైకీ కిందికీ జరుగుతుంది, ఎక్కడ బిగిస్తే ఎంత కుదుపు ఓర్చుకుంటుందో ఆడి చూసుకుని పెట్టుకోవాలి. మా పిల్లలు ఆడేటప్పుడు మెషీన్‌కి మొత్తం ఒరిగిపోతారు. వాళ్ల కోసం నేను రింగుకీ గుండుకీ మధ్య సందు కొంచెం పెంచి బిగించాను.